"వెళ్లునప్పుడు దీవింపబడుదువు" అని వాగ్దానం వచ్చింది. ఏజెంటుకు డబ్బు కట్టవచ్చా?

నిరీక్షణ_గోదావరి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. చాలా కాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును, జీఎన్ఎం చదివాను. జీతం 18,000. మా ఆయన సెల్‌ఫోన్ల దుకాణం మూతపడింది. ఆరు లక్షల అప్పు మిగిలింది, అంతా మూడు రూపాయల వడ్డీకి తెచ్చినదే. మామయ్యగారికి పక్షవాతం వచ్చి కుడి చేయి, మాట రెండూ పోయాయి. పిల్లలు ఇద్దరూ బడికి వెళ్లే వయసు వారు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి ఒక్కొక్కరికి ఒక్కో వచనం రాసి ఇచ్చే వాగ్దాన కార్డుల్లో, నా చేతికి వచ్చింది ద్వితీయోపదేశకాండము 28:6. "వెళ్లునప్పుడు దీవింపబడుదువు." సంక్రాంతి వెళ్లగానే తెలిసినవారి ద్వారా ఒక కువైట్ ఏజెంటు పరిచయమయ్యాడు. నాలుగు లక్షలు అడుగుతున్నాడు. ముందు ఇరవై నంబరు వీసా మీద వెళ్లాలట, అక్కడికి చేరాక ఆసుపత్రి ఉద్యోగానికి మార్పిస్తాడట. ఆ తర్వాత ఉజ్జీవ కూటాలకు వచ్చిన ఒక దైవజనుడు, నేనేమీ చెప్పకుండానే, నా తల మీద చేయి ఉంచి "నిన్ను సముద్రం దాటిస్తున్నాడు" అన్నారు.

ఇన్ని కలిసి వస్తున్నా మనసుకు నెమ్మది లేదు. మా ఆడపడుచుకు నేను నీళ్లలో మునిగినట్టు కల వచ్చిందట, వెళ్లవద్దని ఏడుస్తోంది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడుతున్నాయి గాని మాట వినబడడం లేదు. వెళ్లు, వద్దు అని రెండు చీట్లు రాసి బైబిల్లో పెట్టి ఒకటి తీద్దామా అని కూడా అనిపించింది. ఏజెంటు నెలాఖరులోగా సగం కట్టమంటున్నాడు. దేవుని చిత్తం ఎలా తెలుసుకోవాలి?

అగ్నిస్తంభం

సహోదరీ, వాగ్దానం వచ్చింది, ప్రవచనం దాన్ని స్థిరపరచింది, ద్వారం తెరుచుకుంది. ఇంకేం కావాలి? సందేహించువాడు గాలిచేత రేపబడి ఎగిరిపడే సముద్ర తరంగాన్ని పోలినవాడని యాకోబు పత్రిక చెబుతోంది. ఆడపడుచు కల శత్రువు పెట్టిన భయం. విశ్వాసంతో అడుగు వేయండి.

స్తుతి_సుధ

ఆమేన్. మా గృహకూడికలో మీ కోసం ప్రార్థిస్తాము అక్కా.

కువైట్_నర్సు

చెల్లీ, దయచేసి ఒక్క రూపాయి కూడా కట్టకుండా ముందు ఇది చదువు.

నేను ఇక్కడ పని చేస్తున్న నర్సునే. ఇరవై నంబరు అంటే ఇంటిపని వీసా. ప్రైవేటు సంస్థల్లో ఉద్యోగానికి పద్దెనిమిది, ప్రభుత్వ ఉద్యోగానికి పదిహేడు. ఇరవై మీద దిగినవారు ఆసుపత్రిలో నర్సుగా పని చేయడానికి వీల్లేదు, నర్సు లైసెన్సు కూడా ఉండదు. "వచ్చాక మార్పిస్తాను" అన్న మాట నమ్మి వచ్చి, వంట, ఇల్లు తుడవడం, ముసలివారికి సేవ, మూడూ చేస్తూ పాస్‌పోర్టు యజమాని బీరువాలో పెట్టుకుని కూర్చున్నవారు నాకు తెలుసు. అందులో డిగ్రీ చదివిన నర్సులూ ఉన్నారు. 2024లో కొద్ది వారాల పాటు ఇరవై నుంచి పద్దెనిమిదికి మారే వీలు ఇక్కడి ప్రభుత్వం ఇచ్చింది, తర్వాత ఆ గడువు ముగిసింది. మీ ఏజెంటు ఆ పాత సంగతినే ఎప్పుడూ ఉండే సదుపాయంలా అమ్ముతున్నట్టుంది.

ఇంకొకటి. 2015 నుంచి కువైట్ వంటి ఈసీఆర్ దేశాలకు (కొందరు ఉద్యోగానికి వెళ్లాలంటే మన ప్రభుత్వ వలస అనుమతి కావలసిన దేశాలకు) నర్సులను పంపడం కేంద్రం అనుమతించిన ప్రభుత్వ నియామక సంస్థల పని. మనకు ఓంక్యాప్, తెలంగాణ వారికి టామ్‌కామ్. వేరే ఉద్యోగాలకు పంపే రిజిస్టరైన ఏజెంటైనా సేవా రుసుముగా తీసుకోదగినది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. నాలుగు లక్షలు ఏ లెక్కలోకి వస్తాయో అతన్నే అడుగు. విదేశీ ఉద్యోగాల కోసం కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ సైటులో అతని లైసెన్సు నంబరు ఉందో లేదో చూడు. ఫోనులోనే చూసుకోవచ్చు, పెద్ద పనేమీ కాదు.

ప్రార్థన మానమని చెప్పడం లేదు. దేవుడు కువైట్ తీసుకురాదలచుకుంటే ఇరవై నంబరు మీద దొంగదారిన తేవలసిన అవసరం ఆయనకు లేదు.

బెరయ

కార్డు సంగతి మాట్లాడదాం. ఆ వచనం మొత్తం ఇది: "నీవు లోపలికి వచ్చునప్పుడు దీవింపబడుదువు, వెళ్లునప్పుడు దీవింపబడుదువు." మొదటి సగం ఎవరికీ గుర్తు లేదు. దాన్ని పట్టుకుని ఎవరైనా "ఇంట్లోనే ఉండమని దేవుడు చెప్పాడు" అంటే మనం నవ్వుతాం. రెండో సగాన్ని పట్టుకుని విమానం ఎక్కమంటే మాత్రం ఆమేన్ అంటున్నాం. మోషే మోయాబు మైదానంలో ఒక జనాంగానికి, వారు ఆజ్ఞలు గైకొంటే రోజువారీ రాకపోకల్లో కలిగే దీవెన గురించి చెప్పిన మాట అది. వీసా గురించి కాదు.

కార్డులు తప్పని అనను. మా ఇంట్లో అద్దానికి ఇప్పటికీ ఒకటి ఉంది. ఏడాదంతా ధ్యానించడానికి అది మంచిదే. నిర్ణయాన్ని దాని మీద మోపితే మాత్రం వాక్యాన్ని చిలక జోస్యం చీటీలా వాడినట్టే.

మీ చీట్ల సంగతికి: యూదా స్థానంలో అపొస్తలుడిగా మత్తీయను ఎన్నుకోవడానికి చీట్లు వేసింది అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో. రెండో అధ్యాయంలో ఆత్మ దిగివచ్చాక ఆ గ్రంథంలో సంఘం మళ్లీ చీట్లు వేసినట్టు లేదు. పదిహేనో అధ్యాయంలో పెద్ద వివాదం వస్తే కూర్చుని మాట్లాడుకున్నారు.

అగ్నిస్తంభం

లెక్కలు, సైట్లు, లైసెన్సులు. అబ్రాహాము ఇవన్నీ చూసుకుంటే ఊరు దాటేవాడా? "ఎక్కడికి వెళ్లవలెనో అది ఎరుగక బయలువెళ్లెను" అని హెబ్రీ పత్రికలో ఉంది. ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి అని కూడా ఉంది.

బెరయ

ఉంది. వెంటనే "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని కూడా ఉంది. మీరు సగంలో ఆపారు.

విశ్రాంత_ఉపాధ్యాయుడు

అబ్రాహాము పేరు ఎత్తారు కాబట్టి అక్కడే కొంతసేపు ఆగుదాం. నలభై ఏళ్లుగా సండే స్కూలు చెబుతున్నవాణ్ణి, ఈ భాగం మీద నాకు కొంచెం మక్కువ ఎక్కువ.

అమ్మాయి అడిగిన ప్రశ్న ఆదికాండములో మూడు తరాల ముందుకు వచ్చింది. దేశంలో కరువు. పక్క దేశంలో తిండి ఉంది. వెళ్లాలా, వద్దా? ముగ్గురికీ ఎదురైంది ఇదే. పన్నెండో అధ్యాయంలో అబ్రాము (అబ్రాహాముకు అప్పటి పేరు) ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు వెళ్లాడు. కనానుకు పిలిచిన దేవుణ్ణి ఆ ప్రయాణం గురించి అడిగినట్టు అక్కడ ఎక్కడా లేదు. కడుపు తరిమింది, వెళ్లాడు. ప్రాణభయంతో భార్యను చెల్లెలని చెప్పుకున్నాడు, ఆమె ఫరో ఇంటికి చేరింది. గొర్రెలు, ఒంటెలు బాగానే సంపాదించాడు. ఆ సంపాదన చూసి దాన్ని దీవెన అనగలమా, మీరే ఆలోచించండి. ఇరవై ఆరో అధ్యాయంలో మళ్లీ కరువు. ఈసారి ఇస్సాకు. ఐగుప్తులోనికి వెళ్లవద్దు అని దేవుడు స్పష్టంగా చెప్పాడు. గెరారులో ఉండిపోయి, ఆ కరువు నేలలోనే విత్తనం వేసి, ఆ ఏడే నూరంతలు కోశాడు. నలభై ఆరో అధ్యాయానికి వచ్చేసరికి యాకోబు. ముసలితనం, మళ్లీ కరువు, మళ్లీ అదే ఐగుప్తు. ఈసారి "వెళ్లుటకు భయపడకుము" అన్నాడు.

తాతకు ఏమీ చెప్పలేదు, తండ్రికి వద్దన్నాడు, కొడుక్కి వెళ్లమన్నాడు. దేశం అదే, కరువు అదే, దేవుడూ ఆయనే. కాబట్టి ఒకరికి వచ్చిన జవాబును ఇంకొకరి నెత్తిన పెట్టలేం. అబ్రాహాము వెళ్లాడు గనుక నువ్వూ వెళ్లు అనేవారు ఇస్సాకు ఇంట్లో ఉంటే ఏమయ్యేదో!

యాకోబు విషయంలో ఇంకో చిన్న మాట ఉంది, సాధారణంగా ప్రసంగాల్లో రాదు. చనిపోయాడనుకున్న కొడుకు యోసేపు ఐగుప్తులో బతికే ఉన్నాడని మిగతా కొడుకులు చెబితే ముసలాయన నమ్మలేదు. పాపం, ఆ కొడుకులు అంతకుముందు రక్తం పూసిన అంగీ తెచ్చి చూపినవారే. యోసేపు పంపిన బండ్లను కళ్లారా చూశాక అతని ప్రాణం తెప్పరిల్లింది. దేవుడు బెయేర్షెబాలో మాట్లాడింది ఆ తర్వాత. బండ్లు చూపమనడం అవిశ్వాసమని యాకోబును ఎవరూ తిట్టలేదు. అమ్మాయీ, ఆ ఏజెంటును బండ్లు చూపమని అడుగు. ఆసుపత్రి పేరు, సంతకం చేసిన ఒప్పందం, లైసెన్సు నంబరు. అగ్నిస్తంభం గారు అన్న అబ్రాహామును పిలిచింది దేవుడే, అడ్వాన్సు అడిగిన మధ్యవర్తి కాదు.

లెక్కల_మనిషి

ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. ఆరు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 18,000. అంటే అక్కగారి జీతం మొత్తం. దానికి నాలుగు లక్షలు కలిపితే వడ్డీయే నెలకు 30,000. అక్కడ అనుకున్న ఉద్యోగం రాకపోతే ఆ భారం ఎవరు మోస్తారు? "అప్పుచేయువాడు అప్పిచ్చిన వానికి దాసుడు" అన్న సామెతను నెరవేర్చడానికి దేవుడు ఎవరినీ పంపడు.

బంగారం ఏమైనా ఉంటే బ్యాంకులో పెట్టండి, రూపాయి లోపు వడ్డీకే వస్తుంది. ఉన్న అప్పులో కొంత అటు మార్చినా ఊపిరి ఆడుతుంది. డ్వాక్రా సంఘంలో ఉన్నారా? ఇది ఆత్మీయమైన సలహా కాదని ఎవరైనా అంటే అననివ్వండి.

నిరీక్షణ_గోదావరి

అందరి మాటలూ చదివాను. మాస్టారు గారి సందేశం మా ఆయనకు చదివి వినిపించాను. ఏజెంటును కాగితాలు అడుగుతాము.

అయినా నా బాధ ఇంకొకటి. సరైన దారి అయితే మనసుకు సమాధానం కలుగుతుందని చిన్నప్పటి నుంచీ విన్నాను. నాకు వెళ్లాలనుకున్నా సమాధానం లేదు, వద్దనుకున్నా లేదు. దేవుడు నాతో మాట్లాడడం మానేశాడేమో అనిపిస్తోంది.

గుణదల_లూర్దు

అమ్మా, నేను కథోలికురాలిని. ఈ వేదికలో మా మాట చెల్లుతుందో లేదో గాని, మా ఫాదర్ గారి దగ్గర నేర్చుకున్నది చెబుతాను. విజయవాడలో ఆంధ్ర లొయోలా కళాశాల ఉంది కదా, ఆ లొయోలా ఊరి ఇగ్నేషియస్ ఒకప్పుడు సైనికుడు. 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, మంచాన పడి, తన మనసులో వచ్చిపోయే ఆలోచనలను గమనించడం అక్కడే నేర్చుకున్నాడు. ఆయన చెప్పిన ఒక నియమం నన్ను చాలాసార్లు కాపాడింది. మనసంతా చీకటి కమ్మి, ప్రార్థన రుచించని కాలంలో, అంతకుముందు చేసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదు. ఆ చీకటిలో ఎక్కువ ప్రార్థించు, కొంచెం ఓర్చుకో, కొత్త నిర్ణయం మాత్రం తీసుకోకు.

నెలాఖరు గడువు పెట్టింది ఏజెంటు, దేవుడు కాదు.

సీమ_తమ్ముడు

సమాధానం గురించి నాదొక సందేహం. యోనా దేవునికి ఎదురు దిశలో ఓడ ఎక్కి గాఢనిద్ర పోయాడు. అంత సమాధానం ఓడలో ఇంకెవరికీ లేదు. గెత్సేమనేలో యేసుకు చెమట రక్తబిందువుల్లా కారింది, ఆయన తండ్రి చిత్తం మధ్యలోనే ఉన్నాడు. మనసులో నెమ్మది ఉందా లేదా అన్నదే కొలత అయితే యోనా పాస్, యేసు ఫెయిల్. ఆ సూత్రం మనకు ఎవరు నేర్పారు?

విశ్రాంత_ఉపాధ్యాయుడు

అబ్బాయి బాగా పట్టాడు. రేపు ఆదివారం క్లాసులో వాడుకుంటాను, అనుమతి ఇవ్వాలి.

అమ్మాయీ, దేవుడు మాట్లాడడం మానేశాడేమో అన్నావు. ఎనభై ఎనిమిదో కీర్తన చివరి మాట చీకటి. అందులో ఎక్కడా వెలుగు రాదు. అయినా దాన్ని కీర్తనల్లో నుంచి ఎవరూ తీసేయలేదు. అలాంటి ప్రార్థన కూడా గుడిలో పాడదగినదేనని దాని అర్థం. నీకు ఆ కీర్తన చదవాలనిపిస్తే చదువు, సంతోషం నటించవలసిన పని లేదు.

ఇంకా, ఏలీయా చావాలని కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత మొదట ఉపదేశం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి తినమన్నాడు. ఆ నిమ్మళమైన స్వరం చాలా దూరం నడిచాక, హోరేబులో. నువ్వు రాత్రంతా వార్డులో నిలబడి, ఇంటికి వచ్చి మామగారికి స్నానం చేయించి, పిల్లలను బడికి పంపి, అప్పుడు బైబిలు తెరుస్తున్నావు. ముందు పడుకో తల్లీ. మీ ఆయన పిల్లల పని, తండ్రి పని చూసుకోగలరు కదా, దుకాణం లేదు కాబట్టి?

స్తుతి_సుధ

మాస్టారు గారు చివరి వాక్యం మెల్లగా అన్నారు గాని, అక్కా, అది మీ ఆయనకు కాస్త గట్టిగా చదివి వినిపించండి.

గుండ్లకమ్మ_ఒడ్డు

మాది ఒంగోలు. ఇక్కడ ప్రార్థన కొండ అని ఒకటి ఉంది. 1853లో అమెరికా బాప్తిస్టులు తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని ఆలోచించారు. ఏళ్ల తరబడి పని చేసినా ఫలితం కనబడలేదు. 1854 జనవరి ఒకటిన ఆ మిషన్ మిషనరీ జూవెట్ దొరగారు, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు తెల్లవారకముందే ఆ కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఆ మనిషి, మిషనరీ క్లౌ దొరగారు, ఒంగోలులో స్థిరపడింది 1866లో. అంటే పన్నెండేళ్లు. ఆ మధ్యలో ఆకాశం నుంచి ఏ స్వరమూ రాలేదు.

నేను చెప్పదలచింది నిరీక్షణ గురించి కాదు, అది అందరూ చెబుతారు. 1876 నుంచి 78 దాకా వచ్చిన మహా కరువులో క్లౌ గారు ఏం చేశారో చూడండి. ఆయన మిషనరీ కాకముందు భూమి సర్వే పని చేసినవాడు. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. మా పెద్దలూ ఆ కాలువ మట్టి మోసినవారేనని ఇంట్లో చెప్పుకుంటారు. బాప్తిస్మం అడిగినవారికి కరువు సాయం నడిచినంత కాలం ఇవ్వలేదు, తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ సంఖ్యనే చెబుతారు. నాకు మాత్రం ఆ ముందరి కాలువ పని ముఖ్యం. కష్టకాలంలో దేవుడు ఏం చేయమంటున్నాడో తెలియనప్పుడు క్లౌ గారు తన చేతికి వచ్చిన పాత విద్యనే బయటికి తీశాడు. అక్కగారి చేతిలోనూ ఒక విద్య ఉంది. జీఎన్ఎం చదివినవారు ఇంటిపని వీసా మీద వెళ్లడం నాకు మింగుడు పడడం లేదు.

నిర్వాహకులు

ఏజెంటు పేరు, ఫోను నంబరు అడుగుతూ ఇద్దరు పెట్టిన సందేశాలు తొలగించాము. ఎవరి పేర్లూ ఇక్కడ రాయవద్దు. ఫిర్యాదు ఉంటే విదేశాలకు పనికి వెళ్లేవారి రక్షణ చూసే, హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి, పోలీసులకు ఇవ్వండి.

నిరీక్షణ_గోదావరి

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఏజెంటును ఒప్పందం అడిగితే "డబ్బు కడితేనే కాగితం" అన్నాడు. లైసెన్సు నంబరు అడిగితే, నమ్మకం లేనివారితో పని చేయను, మీ వెనుక ఇంకా చాలామంది వరుసలో ఉన్నారు అన్నాడు. ఈ-మైగ్రేట్‌లో ఆ పేరు లేదు. డబ్బు కట్టలేదు.

మా సంఘ కాపరి అయ్యగారికి కూడా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన ఆ ప్రవచనం గురించి ఏమీ అనలేదు, మా వడ్డీ వ్యాపారి దగ్గరకు మా ఆయనతో పాటు వెళ్లి కూర్చున్నారు. అసలు కొంచెం కొంచెంగా కడితే వడ్డీ రెండు రూపాయలకు తగ్గించడానికి అతను ఒప్పుకున్నాడు. నా గొలుసు బ్యాంకులో పెట్టాము. మా ఆయన పరిచయస్థుల దుకాణంలో ఫోన్లు బాగు చేసే పనికి కుదిరారు. మామయ్యగారికి పొద్దున స్నానం ఇప్పుడు ఆయనే చేయిస్తున్నారు (స్తుతి_సుధ చెల్లికి ప్రత్యేక వందనాలు).

కువైట్ సంగతి తేలలేదు. ఓంక్యాప్‌లో పేరు నమోదు చేసుకుందామని ఉంది. వెళ్లాలో లేదో ఇప్పటికీ తెలియదు. ప్రార్థనలో జవాబు వచ్చిందని కూడా చెప్పలేను. నిద్ర మాత్రం పడుతోంది.

అగ్నిస్తంభం

సహోదరీ, డబ్బు పోకుండా కాపాడిన దేవునికి స్తోత్రం. అయినా సముద్రం దాటిస్తాడన్న మాటను నేను కొట్టిపారేయను. సరైన సమయంలో, సరైన దారిలో నెరవేరవచ్చు. ప్రార్థిస్తూనే ఉంటాను.

బెరయ

ఈ మాటకు నాకు అభ్యంతరం లేదు. నెరవేరకపోతే ఆ దైవజనుణ్ణి ఎవరైనా అడుగుతారా అన్నది నా ప్రశ్న.

అగ్నిస్తంభం

అడగాలి. నేనూ అడుగుతాను.

కువైట్_నర్సు

చెల్లీ, పేరు నమోదుకు ముందు నీ అనుభవ ధ్రువపత్రం తీసి చూడు. చేరిన తేదీ, మంచాల సంఖ్య, ఏ వార్డులో పని చేశావో అందులో ఉండాలి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు దాటిందేమో చూసుకో. పాస్‌పోర్టులో, సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో కూడా. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవారికి ఎక్కువ ఆలస్యమయ్యేది అక్కడే. లైసెన్సు పరీక్షకు నేను చదివిన ప్రశ్నలు నా దగ్గర ఉన్నాయి. శుక్రవారం ఇక్కడ సెలవు, తెలుగు ఆరాధన అయ్యాక మధ్యాహ్నం ఖాళీగా ఉంటాను. నిర్వాహకుల ద్వారా నీ నంబరు పంపించు, ఇక్కడ బహిరంగంగా పెట్టకు.